అడ్రస్ మారినా.. గిరాకీ మారొద్దు!

కాఫీ కొట్టు పెట్టడం ఒక ఎత్తు. నడుస్తున్న కొట్టును ఇంకో చోటికి మార్చడం మరో ఎత్తు. అద్దె పెరిగిందనో, రోడ్డు వెడల్పు చేస్తున్నారనో, జాగా సరిపోవట్లేదనో చిన్న వ్యాపారాలు ఏదో ఒకరోజు సామాను సర్దుకోవాల్సి వస్తుంది. ఆ పని లెక్కగా చేసినవాళ్లు నిలదొక్కుకుంటారు. లెక్క తప్పినవాళ్లు ఏడాది తిరక్కుండానే షట్టరు దించేస్తారు. డిగ్రీ, బీటెక్ అయ్యాక సొంతంగా ఏదైనా పెట్టాలనుకుంటున్నవాళ్లతో పాటు, కాఫీ కంపెనీల్లో ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లూ తెలుసుకోవాల్సిన విషయాలివి.

అమెరికాలోని సియాటిల్ నగరంలో పైక్ ప్లేస్ అనే పాత బజారు ఉంది. అక్కడ 1912 నంబరు కొట్టు ముందు పొద్దున్నుంచే క్యూ ఉంటుంది. ‘ప్రపంచంలోనే మొదటి స్టార్‌బక్స్ ఇదే’ అని ఫొటోలు దిగి, ఒక కప్పు తాగి వెళ్తారు. కానీ నిజానికి స్టార్‌బక్స్ పుట్టింది అక్కడ కాదు. ముగ్గురు స్నేహితులు 1971 మార్చి 30న ఆ దగ్గర్లోనే వెస్టర్న్ అవెన్యూలో చిన్న కొట్టు తెరిచారు. అప్పట్లో కప్పుల్లో కాఫీ అమ్మడం లేదు, వేయించిన గింజలే అమ్మేవారు. 1976లో ఆ చోటు వదిలి పైక్ ప్లేస్‌కి మారారు. పాత భవనం తర్వాత కూల్చేశారు. ఈరోజు జనం వెతుక్కుంటూ వెళ్తున్నది మారిన అడ్రస్‌కే.

మన పక్క రాష్ట్రంలోనూ ఇలాంటి కథ ఉంది. బెంగళూరు ఎం.జి.రోడ్డులోని ఇండియా కాఫీ హౌస్ కొన్ని తరాలకు అడ్డా. 2009లో ఆ భవనం ఖాళీ చేయాల్సి వచ్చింది. అంతటితో మూతపడిందనే అనుకున్నారు చాలామంది. అది ఒక సేఠ్ సొంత దుకాణం కాదు, కార్మికులే సహకార సంఘంగా ఏర్పడి నడుపుకొంటున్న సంస్థ. కాఫీ బోర్డు తన కాఫీ హౌస్‌లను మూసేస్తూ ఉద్యోగులను తీసేస్తున్న రోజుల్లో, ఎ.కె.గోపాలన్ లాంటి నాయకుల చొరవతో 1957లో బెంగళూరులోనే తొలి సంఘం పుట్టింది. ఎం.జి.రోడ్డు పోయాక వాళ్లు ఎక్కడో శివార్లకు వెళ్లలేదు. పక్కనే ఉన్న చర్చి స్ట్రీట్‌లో చోటు చూసుకున్నారు. అదే తలపాగా, అదే తెల్ల యూనిఫాం, అదే దోసె, అదే కాఫీ. పాత గిరాకీ నడిచి వచ్చేంత దూరంలోనే ఉన్నారు కాబట్టి నడిచే వచ్చారు.

ఈ రెండు కథల్లో కామన్ పాయింట్ ఒకటుంది. చోటు మారింది కానీ జనం మారలేదు. సియాటిల్‌లో అదే బజారు చుట్టుపక్కల, బెంగళూరులో అదే రోడ్డు వెనకాల. కొట్టు మార్చడంలో మొదటి సూత్రం ఇదే: ముందు గిరాకీ ఏ దారిలో నడుస్తోందో చూడాలి, ఆ తర్వాతే మడిగె చూడాలి.

పరిగిలో అయితే?

ఇదే సూత్రాన్ని మన పరిగికి వర్తింపజేసి చూద్దాం. పరిగికి రైలు లేదు. ఊరి రాకపోకలన్నీ రోడ్డు మీదే. హైదరాబాద్ నుంచి చేవెళ్ల, మన్నెగూడ మీదుగా కొడంగల్ వెళ్లే 163వ నంబరు జాతీయ రహదారి మీద ఊరుంది. ఆర్టీసీ డిపో ఉంది. మార్కెట్ యార్డు, ప్రభుత్వ కార్యాలయాలు, కాలేజీలు ఉన్నాయి.

‘శని, ఆదివారాలు హైదరాబాద్ నుంచి అనంతగిరికి వేలమంది వస్తున్నారు కదా, వాళ్ల కోసం హైవే మీద కేఫ్ పెడితే బాగా నడుస్తుంది’ అని కొత్తవాళ్లకు అనిపిస్తుంది. ఒకసారి మ్యాప్ తెరిచి చూడండి. అనంతగిరికి, కోటేపల్లి ప్రాజెక్టుకు వెళ్లే కార్లు మన్నెగూడ దగ్గరే వికారాబాద్ వైపు తిరిగిపోతాయి. అనంతగిరి ఉన్నది వికారాబాద్–తాండూరు దారిలో. పరిగి దాకా ఆ బండ్లు రావు. అంటే పరిగిలో కొట్టుకు టూరిస్టు గిరాకీని లెక్కలో వేసుకుంటే మొదటి నెలలోనే దెబ్బ పడుతుంది.

మరి పరిగి గిరాకీ ఎవరు? పొద్దున బస్సు ఎక్కే ఉద్యోగులు, విద్యార్థులు. పదకొండింటికి ఆఫీసుల్లో పని మీద వచ్చే రైతులు. పంట వచ్చే రోజుల్లో యార్డుకు వచ్చే రైతులు, హమాలీలు, వ్యాపారులు. సాయంత్రం కాలేజీ కుర్రాళ్లు. వీళ్లలో ప్రతి ఒక్కరూ వేర్వేరు వేళల్లో, వేర్వేరు రోడ్ల మీద ఉంటారు. బస్టాండ్ దగ్గరున్న కొట్టును ‘అద్దె తక్కువ’ అని అర కిలోమీటరు లోపలికి మారిస్తే పొద్దుటి గిరాకీ మొత్తం పోతుంది. ఎందుకంటే బస్సు కోసం చూసే మనిషి కాఫీ కోసం అర కిలోమీటరు నడవడు.

అందుకే మడిగె చూడ్డానికి వెళ్లేముందు ఒక పని చేయండి. చేతిలో నోట్‌బుక్ పట్టుకుని ఆ చోట నిలబడండి. ఒక మామూలు రోజు, ఒక సంత రోజు, ఒక ఆదివారం. పొద్దున 7 నుంచి 9, మధ్యాహ్నం 11 నుంచి 1, సాయంత్రం 4 నుంచి 7. ఎంతమంది నడిచిపోతున్నారు, ఎంతమంది ఆగుతున్నారు, బండి ఆపుకొనే జాగా ఉందా అని రాసుకోండి. రూపాయి ఖర్చు లేని సర్వే ఇది. పెద్ద కంపెనీలు కొత్త స్టోర్ తెరిచే ముందు చేయించేదీ ఇలాంటి లెక్కింపే.

36 కప్పులా? 69 కప్పులా?

కొత్త చోటు బాగుందా లేదా అనేది కళ్లతో కాదు, కప్పులతో లెక్కపెట్టాలి. అర్థం కావడానికి ఒక ఊహా లెక్క వేద్దాం. మీ కొట్టులో ఫిల్టర్ కాఫీ 20 రూపాయలు అనుకుందాం. పాలు, డికాక్షన్, పంచదార, గ్యాస్, కప్పు కలిపి 9 రూపాయలు పోతే, కప్పుకు మిగిలేది 11 రూపాయలు.

పాత అద్దె నెలకు 6,000. కొత్త అద్దె 12,000. అంటే నెలకు 6,000 అదనం. ఇక మార్చడానికి అయ్యే ఖర్చు: కౌంటరు, నల్లా పైపులు, వైరింగు, బోర్డు, రంగులు అన్నీ కలిపి 1,50,000 అనుకుందాం. అడ్వాన్సు తిరిగి వచ్చేదే కాబట్టి ఇందులో కలపలేదు. ఖాళీ చేసి వెళ్లేటప్పుడు ఈ లక్షన్నరలో చాలా భాగం వెంట రాదు. గోడకు పెట్టింది గోడకే పోతుంది. కాబట్టి ఆ చోట ఎన్ని నెలలు ఉంటామో అన్ని నెలలకు ఈ ఖర్చును పంచాలి.

ఒప్పందం 36 నెలలకు ఉంటే నెలకు సుమారు 4,167 రూపాయలు పడుతుంది. అద్దె అదనంతో కలిపితే 10,167. కప్పుకు 11 రూపాయల చొప్పున నెలకు 924 కప్పులు ఎక్కువ అమ్మాలి. నెలకు 26 రోజులు తెరిస్తే రోజుకు 36 కప్పులు.

అదే ఒప్పందం 11 నెలలకే రాసుకుంటే? లక్షన్నరను 11తో భాగిస్తే నెలకు 13,636. అద్దె అదనంతో కలిపి 19,636. రోజుకు 69 కప్పులు ఎక్కువ అమ్మితే తప్ప గిట్టుబాటు కాదు.

అదే మడిగె, అదే అద్దె, అదే కాఫీ. మారింది కాగితం మీద రాసిన నెలల సంఖ్య ఒక్కటే. దాంతోనే రోజువారీ భారం దాదాపు రెట్టింపు అయింది. చాలామంది అద్దె దగ్గర వెయ్యి రూపాయలు తగ్గించమని గంటసేపు బేరమాడతారు. గడువు గురించి ఒక్క మాటా అడగరు. నిజంగా బేరమాడాల్సింది గడువు మీద.

ఆ 11 నెలల వెనకున్న కథ

మన దగ్గర అద్దె ఒప్పందాలన్నీ 11 నెలలకే ఎందుకు రాస్తారో తెలుసా? ఏడాది దాటిన లీజు ఏదైనా రిజిస్టర్ చేయాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతోంది. రిజిస్ట్రేషన్, స్టాంపు ఖర్చు ఎందుకని ఇద్దరూ 11 నెలలకు రాసుకుంటారు. ఇంటి అద్దెకు అది నడుస్తుందేమో. లక్షలు పోసి కౌంటరు కట్టే వ్యాపారానికి మాత్రం అది కత్తి మీద సాము.

ఇంకొందరు తెలివిగా స్టాంపు పేపరు మీద ‘మూడేళ్లు’ అని రాసుకుని రిజిస్టర్ చేయకుండా వదిలేస్తారు. గొడవ వచ్చి కోర్టుకెళ్తే ఆ మూడేళ్ల మాట నిలబడటం కష్టం. నెలవారీ అద్దెగానే చూస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం 15 రోజుల నోటీసుతో ఖాళీ చేయమనొచ్చు. కొన్ని చోట్ల అద్దె నియంత్రణ చట్టం కొంత రక్షణ ఇస్తుంది కానీ, దాన్ని నమ్ముకుని పెట్టుబడి పెట్టలేం కదా.

కాబట్టి కనీసం మూడేళ్ల లీజు రాసుకుని సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించండి. అందులో ఈ నాలుగు మాటలు తప్పక ఉండాలి. మొదటిది, ఏటా అద్దె ఎంత శాతం పెరుగుతుందో. రెండోది, ఎన్ని నెలల వరకు యజమాని ఖాళీ చేయించకూడదో. మూడోది, అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలో. నాలుగోది, పని జరిగే రోజులకు అద్దె ఉంటుందా లేదా అన్నది. కౌంటరు కట్టే పదిహేను, ఇరవై రోజులకు అద్దె లేకుండా ఇవ్వమని అడగడంలో తప్పు లేదు. పెద్ద కంపెనీలన్నీ అడుగుతాయి. మనమే మొహమాటపడతాం.

రోడ్డు వెడల్పు చేస్తే..

అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల రోడ్డును నాలుగు వరుసలుగా చేయాలన్న పని, చేవెళ్ల మర్రిచెట్ల కేసుతో ఏళ్ల తరబడి వార్తల్లో నలిగింది. రోజూ ఆ దారిలో తిరిగే మనకు తెలియంది కాదు. ఇలాంటి పనులు జరిగినప్పుడు రోడ్డు పక్క కొట్లు ముందుగా కదలాల్సి వస్తుంది. పరిహారం అనగానే భూమి యజమానికే అనుకుంటాం. 2013 నాటి భూసేకరణ చట్టం అద్దెకున్న చిన్న వ్యాపారినీ మరిచిపోలేదు. భూసేకరణకు ముందు మూడేళ్లుగా ఆ ప్రాంతంలోనే పనిచేస్తూ, దానిమీదే బతికే కుటుంబాన్ని ‘ప్రభావిత కుటుంబం’గా గుర్తిస్తుంది. చిన్న వ్యాపారులకు, చేతివృత్తులవాళ్లకు కనీసం 25,000 రూపాయల ఏకకాల సాయం ఉండాలని రెండో షెడ్యూలులో ఉంది.

అయితే మూడేళ్లుగా అక్కడే ఉన్నామని రుజువు చూపాలి. కరెంటు బిల్లు యజమాని పేరు మీద, ఒప్పందం లేదు, లైసెన్సు తీసుకోలేదు అంటే చేతిలో ఏమీ లేనట్టే. ఆ పేరుతో ఉన్న కాగితాలే కష్టకాలంలో మన సాక్షులు.

బండి మీద కాఫీ అమ్మేవాళ్లకు వేరే చట్టం ఉంది. వీధి వ్యాపారుల చట్టం–2014 ప్రకారం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వకుండా బండిని అక్కడి నుంచి తరలించడానికి లేదు. మున్సిపాలిటీ నుంచి వెండింగ్ సర్టిఫికెట్ తీసుకుని పెట్టుకుంటే మన మాటకు బలం ఉంటుంది.

కాగితాలు ముందు.. సామాను తర్వాత

కొట్టు మారాక తీరిగ్గా చూద్దాం అనుకునే పనులే తర్వాత జరిమానాలు తెస్తాయి.

ఫుడ్ లైసెన్సు: ఆహార భద్రత సంస్థ ఇచ్చే రిజిస్ట్రేషన్ లేదా లైసెన్సు మనిషికి కాదు, ఆ చిరునామాకు ఇచ్చేది. పాత చోటి కాగితాన్ని ఫ్రేము కట్టి కొత్త గోడకు తగిలిస్తే చెల్లదు. కొత్త చోట పొయ్యి వెలిగించే ముందే దరఖాస్తు పెట్టాలి.

జీఎస్టీ: సేవలకు ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ ఉండాలి. ఉన్నవాళ్లు చిరునామా మారిన 15 రోజుల్లోగా పోర్టల్‌లో సవరణ పెట్టాలి.

ఉద్యమ్: చిన్న వ్యాపారాల నమోదు ఇది. పూర్తిగా ఉచితం, ఎవరికీ రూపాయి ఇవ్వక్కర్లేదు. చిరునామా ఆన్‌లైన్‌లో మార్చుకోవచ్చు. బ్యాంకులో లోన్ అడిగితే మొదట చూసేది దీన్నే.

ట్రేడ్ లైసెన్సు, షాపుల చట్టం: మున్సిపాలిటీలో, కార్మిక శాఖలో కొత్త చిరునామా చెప్పాలి.

కరెంటు: ఇంటి మీటరు మీద కొట్టు నడపకూడదు, కమర్షియల్ కనెక్షనే ఉండాలి. ఎస్‌ప్రెసో మెషిన్ పెట్టాలనుకుంటే లోడు ఎంత ఉందో ముందే చూడాలి. ఒక్క మెషినే రెండు, మూడు కిలోవాట్లు లాగేస్తుంది. దానికి ఫ్రిజ్, గ్రైండర్ తోడైతే ఫ్యూజు ఎగిరిపోతుంది.

నీళ్లు: ఇది చాలామంది చూడని సంగతి. కాఫీలో ఎక్కువ భాగం నీళ్లే. చోటు మారితే బోరు మారుతుంది, బోరు మారితే రుచి మారుతుంది. మన జిల్లాలో తాండూరు వైపు నాపరాయి గనులున్నాయంటేనే నేలలో సున్నపురాయి ఉన్నట్టు. నీళ్లలో సున్నం ఎక్కువైతే మెషిన్ లోపల పొర కట్టి పాడవుతుంది. అడ్వాన్సు ఇచ్చే ముందే ఒక బాటిల్ నీళ్లు తెచ్చి పాత డికాక్షన్ కాచి తాగి చూడండి. రుచి తేడా వస్తే ఫిల్టర్ ఖర్చు కూడా లెక్కలో కలపండి.

డబ్బు ఎక్కడ దొరుకుతుంది?

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. పీఎంఈజీపీ సబ్సిడీ వస్తుంది కదా అని నడుస్తున్న కొట్టు కాగితాలు పట్టుకుని జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్తారు. ఆ పథకంలో సబ్సిడీ ప్రధానంగా కొత్తగా పెట్టే యూనిట్లకే. పాత కొట్టును మార్చడం కొత్త యూనిట్ కాదు.

నడుస్తున్న వ్యాపారానికి ముద్ర రుణం సరిపోతుంది. శిశు కింద 50,000 వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు, తరుణ్ కింద 10 లక్షల వరకు పూచీకత్తు లేకుండా ఇస్తారు. తరుణ్ రుణం తీసుకుని సక్రమంగా కట్టినవాళ్లకు 20 లక్షల వరకు పరిమితి పెంచారు. బండి వ్యాపారులకు పీఎం స్వనిధి ఉంది. 2020లో మొదలైన ఈ పథకంలో ఇప్పుడు మొదటి విడత 15,000, రెండో విడత 25,000, మూడో విడత 50,000 వరకు ఇస్తున్నారు. దరఖాస్తు పెట్టే రోజున తాజా నిబంధనలు పోర్టల్‌లో ఒకసారి చూసుకోండి.

ఎంత లోన్ వచ్చినా, రెండు నెలల అద్దె, జీతాలు చేతిలో ఉంచుకోకుండా కొట్టు మార్చొద్దు. మొదటి నెల గిరాకీ పడిపోవడం సహజం. కొందరు కొత్త చోటు తెలియక రారు, కొందరు మూతపడిందనుకుంటారు. ఆ నెల తట్టుకోగలిగితేనే రెండో నెల ఉంటుంది.

ఎప్పుడు మారాలి.. ఎలా చెప్పాలి?

కందులు మార్కెట్‌కి వచ్చే జనవరి ప్రాంతంలో కొట్టు మూయడమంటే గల్లాపెట్టెకు తాళం వేసుకోవడమే. కాలేజీలు మూసి ఉండే మే నెల కొంత నయం. అయితే మడిగెను మాత్రం ఒక్కసారైనా వానలో చూడాలి. కప్పు కారుతోందా, ముందర నీళ్లు నిలుస్తున్నాయా అన్నది ఎండాకాలంలో తెలియదు.

కొట్టు మూసి ఉన్న ప్రతి రోజూ నష్టమే. రోజుకు 120 కప్పులు అమ్మే కొట్టయితే, మన లెక్కలో రోజుకు 1,320 రూపాయలు పోతాయి. పది రోజులు మూస్తే 13,200. పైగా గిరాకీకి అలవాటు తప్పుతుంది. అందుకే కొత్త చోట పని పూర్తయ్యేదాకా పాతది నడిపి, ఒక్క రాత్రిలో మెషిన్ మార్చి తెల్లారి కొత్తచోట తెరవగలిగితే మేలు. రెండు చోట్లా అద్దె పదిహేను రోజులు కట్టాల్సి వచ్చినా అదే చౌక అవుతుంది.

గిరాకీకి చెప్పడానికి పెద్ద ప్రచారం అక్కర్లేదు. నెల ముందు నుంచే కౌంటరు మీద, కప్పు మీద కొత్త చోటు గుర్తు రాయండి. ‘ఫలానా బ్యాంకు ఎదురుగా’ అంటే మన ఊళ్లో అందరికీ తెలుస్తుంది. గూగుల్ మ్యాప్‌లో పాత పేజీ మూసి కొత్తది తెరవొద్దు, ఉన్నదాంట్లోనే చిరునామా మార్చండి. ఇన్నాళ్ల రివ్యూలు అలాగే ఉంటాయి. ఫోన్ నంబరు, యూపీఐ క్యూఆర్ కోడ్ మార్చకండి. పాత మడిగె యజమానితో మంచిగా మాట్లాడి రెండు నెలలు అక్కడ బోర్డు ఉంచనివ్వమని అడగండి. గొడవపడి ఖాళీ చేస్తే ఆ బోర్డు ఉండదు.

అన్నిటికంటే ముఖ్యం, కాఫీ పోసే మనిషి. ‘అన్నా, చక్కెర తక్కువే కదా’ అని అడక్కుండానే పోసి ఇచ్చే కుర్రాడు పాత చోటే ఆగిపోతే సగం గిరాకీ మీకు దూరమైనట్టే. కొట్టు మారుతున్న సంగతి ముందుగా చెప్పాల్సింది అతనికే. అతనికి రావడం పోవడం దూరమైతే చార్జీలు ఇచ్చైనా తెచ్చుకోవాలి.

ఇదే ఒక ఉద్యోగం కూడా!

సొంత కొట్టు ఆలోచన లేనివాళ్లకూ ఇందులో దారులున్నాయి. కాఫీ కంపెనీ అనగానే అందరికీ బరిస్టా ఉద్యోగమే గుర్తొస్తుంది. నిజానికి కొత్త చోట్లు వెతికే బిజినెస్ డెవలప్‌మెంట్ ఎగ్జిక్యూటివ్, లీజులు చూసే లీగల్ సిబ్బంది, లైసెన్సుల పని చూసే కంప్లయన్స్ విభాగం, స్టోర్ కట్టించే ప్రాజెక్టు టీమ్ అన్నీ ఉంటాయి. బీకాం, బీబీఏ, సివిల్ ఇంజినీరింగ్, లా చదివినవాళ్లకు ఇక్కడ అవకాశం ఉంది. ఇంటర్వ్యూలో ‘మా తర్వాతి స్టోర్ ఎక్కడ పెడతావు?’ అని అడిగితే, పైన చెప్పిన నోట్‌బుక్ లెక్క మీ దగ్గరుంటే మిగతావాళ్లకంటే ఒక అడుగు ముందున్నట్టే.

కాఫీ మీదే పట్టు సాధించాలనుకుంటే బెంగళూరులోని కాఫీ బోర్డు ఏడాది పాటు సాగే పీజీ డిప్లొమా ఇన్ కాఫీ క్వాలిటీ మేనేజ్‌మెంట్ నిర్వహిస్తోంది. వృక్షశాస్త్రం, రసాయనశాస్త్రం, బయోటెక్నాలజీ, ఫుడ్ సైన్స్, వ్యవసాయం లాంటి సబ్జెక్టులు చదివినవాళ్లకు ఇది బాగుంటుంది. వేయించడం, కాచడం నేర్పే ‘కాపీ శాస్త్ర’ అనే చిన్న కోర్సు కూడా ఉంది. గింజల సంగతికొస్తే మనకు దూరం వెళ్లక్కర్లేదు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ తెలుగు నేల మీదే పండుతోంది.

ఢిల్లీలో మాట్ చిత్తరంజన్, నమ్రతా ఆస్థానా దంపతులు 2013లో తమ ఇంట్లోనే గింజలు వేయించి ఆన్‌లైన్‌లో అమ్మడం మొదలుపెట్టారు. ఇల్లు సరిపోక బయటి చోటికి మారారు. ఆ బ్లూ టోకై ఇప్పుడు ఎన్నో నగరాల్లో కనిపిస్తోంది. వాళ్లు మారింది చోటు సరిపోక. మనలో చాలామంది మారేది ఖాళీ చేయమన్నారని. మొదటి రకం మార్పు కావాలంటే నోటీసు వచ్చే దాకా ఆగకూడదు.

వచ్చే ఆదివారం ఒక పని చేయండి. పరిగి బస్టాండ్ దగ్గరో, మీ ఊరి చౌరస్తాలోనో నోట్‌బుక్‌తో రెండు గంటలు నిలబడండి. ఎవరు వస్తున్నారు, ఎటు పోతున్నారు, ఎక్కడ ఆగుతున్నారు అని రాయండి. కొట్టు పెట్టినా, కొట్టు మార్చినా, కంపెనీలో చేరినా మీ మొదటి ప్రాజెక్టు రిపోర్టు అదే.